ప్రయాణం వద్దంటే సరిపోతుందా?

గత మాఘమాసంలో ఒక ఉదయం నేను నిమ్మాడ జంక్షన్‌లో జాతీయ రహదారి పక్కన శ్రీకాకుళం బస్సు కోసం నిలబడి వున్నాను. ఢిల్లీ దాకా మంత్రుల్ని పంపిన ఊరు అది. లోపలి ఊరి నుంచి వచ్చిన ఒక ఆటో మా ముందు ఆగింది. ఎనిమిదో నెల గర్భిణి ఒకామె పొట్ట పట్టుకుని మెల్లిగా దిగింది. వెనకే ఆమె తల్లి, చేతిలో పాలిథిన్ కవర్. ఆ కవర్లో హైదరాబాదులో తీయించుకున్న స్కానింగు కాగితాలు.

మాటల్లో తల్లి చెప్పింది: "ఏటి సేస్తాం అమ్మా! ఆర్నెల్లప్పుడు ఐద్రాబాదులో స్కానింగు తీస్తే మాయ కిందకుందన్నారు. ప్రయానాలు సెయ్యొద్దన్నారు. సెయ్యకపోతే పిల్ల పుట్టింటికెలా వస్తాది?" సూడిదలు అయ్యాక అల్లుడు రాత్రి రైలెక్కించి పలాసలో దింపి వెళ్లాడట. ఇప్పుడు మళ్లీ స్కానింగు తీయించటానికి బస్సులో శ్రీకాకుళం వెళుతున్నారు. తల్లి నీళ్లు తేవటానికి పక్క కొట్టుకి వెళ్లినప్పుడు కూతురు నా చెవిలో అంది: "అక్కా, వారం కింద కొంచెం రక్తం కనిపించింది. నొప్పి లేదు కదా అని ఎవరికీ చెప్పలేదు. చెపితే అమ్మ కంగారు పడతది."

నొప్పి లేని రక్తం. వినటానికి చిన్న మాటే గాని, మాయ కిందికి వున్న గర్భిణి విషయంలో ఇంతకంటే పెద్ద ప్రమాద సూచన మరొకటి లేదు. ఆమెని టీ కొట్టు బల్ల మీద ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేశాం. బండి వచ్చింది. వాళ్లతో పాటు నేనూ ఎక్కాను. ఆ తర్వాత ఏమయిందో కింద రాస్తాను. ఆ చెల్లెలి పేరు, ఊరు రాయటం లేదు. మన ప్రాంతంలో పనిచేసే ప్రతి కార్యకర్తకీ ఇలాంటి చెల్లెలు ఒకరైనా తెలిసే వుంటుంది.

ఈ సంచికలో ఈ విషయం రాయటానికి కారణం ఆమెకిచ్చిన సలహా. "ప్రయాణాలు వద్దు." ఎవరూ కాదనలేని సలహా అది. కాని దాన్ని ఎవరికి చెప్పారో చూడండి. భర్త తెల్లవారకముందే భవన నిర్మాణం పనికి వెళితే చీకటిపడ్డాక గాని రాడు. అద్దెగదిలో ఆమె ఒక్కతే. అర్ధరాత్రి రక్తం పోతే తలుపు తట్టటానికి తెలిసినవాళ్లు లేరు. ఆమెకున్న ఆసరా అంతా ఒక రాత్రి రైలు ప్రయాణానికి ఇవతల వుంది. ప్రయాణం చెయ్యకపోతే ఒంటరితనం. చేస్తే ఆపరేషనూ రక్తమూ దొరికే ఆసుపత్రికి దూరం. ఈ రెండింటి మధ్య ఆమెను నిలబెట్టి, ఏదైనా జరిగితే "వద్దంటే వినలేదు" అనటం మనకి అలవాటయిపోయింది. జాగ్రత్త పడవలసిన బాధ్యత అంతా ఆమెది, జాగ్రత్తగా వుండటానికి కావలసినవి అమర్చే బాధ్యత ఎవరిదీ కాదు!

అసలీ జబ్బు ఏమిటో ముందు మనం తెలుసుకోవాలి. తెలియని విషయం మీద హక్కు అడగలేం. "సవాలక్ష సందేహాలు" పుస్తకం వచ్చినప్పుడు మనమంతా నేర్చుకున్న పాఠం అదే. మన ఒంటి గురించిన సమాచారం డాక్టర్ల దగ్గరా పెద్దల దగ్గరా వుండిపోతే, నిర్ణయాలూ అక్కడే వుండిపోతాయి.

బిడ్డకు తిండీ ఊపిరీ అందించే మాయ సాధారణంగా గర్భసంచి పై భాగంలోనో పక్క గోడకో అంటుకుని వుంటుంది. కొందరిలో అది కిందికి దిగి గర్భాశయ ముఖద్వారం దగ్గర, లేదా దాన్ని పూర్తిగా మూసేస్తూ పెరుగుతుంది. దీన్నే డాక్టర్లు ప్లాసెంటా ప్రీవియా అంటారు. అయిదో నెలలో తీసే స్కానింగులో మాయ కిందికి వున్నట్టు చాలామందికి కనిపిస్తుంది. గర్భసంచి పెరిగేకొద్దీ వీళ్లలో పదింట తొమ్మిది మందికి అది పైకి జరిగిపోతుంది. అందుకే అయిదో నెల రిపోర్టు చూసి బెంబేలు పడనక్కర్లేదు. ఎనిమిదో నెలలో, అంటే 32 వారాల ప్రాంతంలో మళ్లీ స్కానింగు తీయించుకోవాలి. అప్పటికీ కిందే వుంటే 36 వారాల దగ్గర ఇంకోసారి. చివరిదాకా అలాగే మిగిలిపోయేది సుమారు 200 కాన్పుల్లో ఒకటి. ముఖద్వారాన్ని మూసేసిన మాయ వుంటే మామూలు కాన్పు కుదరదు. నొప్పులు రాకముందే, సాధారణంగా 36, 37 వారాల మధ్య, సిజేరియన్ చెయ్యాలి. రక్తం ఎక్కువ పోతుంటే ఇంకా ముందే చెయ్యవలసి వస్తుంది.

చివరి నెలల్లో గర్భసంచి కింది భాగం సాగుతుంది, ముఖద్వారం మెత్తబడుతుంది. అక్కడ అంటుకుని వున్న మాయ కొంచెం ఊడుతుంది. అప్పుడు ఎర్రగా, నొప్పి లేకుండా రక్తం వస్తుంది. మొదటిసారి కొద్దిగా వచ్చి ఆగిపోవచ్చు. ఆగింది కదా అని మనం ఊరుకుంటాం. రెండోసారి ఎప్పుడు వస్తుందో, ఎంత వస్తుందో ఎవరూ చెప్పలేరు. మాయ తన చోటునుంచి ముందుగానే విడిపోయే మరో ప్రమాదం వుంది. రక్తపోటు ఎక్కువగా వున్నవాళ్లకి, పొట్టకి దెబ్బ తగిలినవాళ్లకి అది వస్తుంది. అందులో తీవ్రమైన నొప్పి వుంటుంది, పొట్ట గట్టిపడుతుంది, రక్తం బయటికి కనిపించకుండా లోపలే పోవచ్చు కూడా. కిడ్నీ జబ్బులతో, రక్తపోటుతో ఇన్నేళ్లుగా సతమతమవుతున్న మన ఉద్దానంలో ఈ రెండో ప్రమాదాన్ని కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఇక ప్రయాణం సంగతి. బస్సు కుదుపుల వల్లే మాయ ఊడిపోతుందని మన ఇళ్లలో గట్టి నమ్మకం. అందుకే ఆడపిల్లని మంచం మీంచి దిగనివ్వరు, రక్తం వచ్చాక ఆసుపత్రికి కదిలించటానికి కూడా భయపడతారు. ఈ రక్తస్రావానికి మూలం గర్భసంచిలో సహజంగా జరిగే మార్పుల్లో వుంది. ఆమె బస్సెక్కినా రావచ్చు, ఇంట్లో పడుకున్నా రావచ్చు. పూర్తిగా మంచానికి అంటించి వుంచటం వల్ల రక్తస్రావం ఆగుతుందనటానికి గట్టి రుజువు లేదు. పైగా కదలకుండా పడుకుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం వుంది. ప్రయాణంలోని అసలు ప్రమాదం దూరం. రక్తం మొదలైన నిమిషానికీ, సిజేరియన్ చేసే డాక్టరూ, మత్తు డాక్టరూ, ఎక్కించే రక్తమూ ఒకే కప్పు కింద దొరికే నిమిషానికీ మధ్య ఎంత దూరం వుందన్నదే ప్రాణం నిలబెట్టే లెక్క. ఆ లెక్కలో అర్ధరాత్రి రైలుపెట్టె ఎంత ప్రమాదమో, రోడ్డు లేని ఊళ్లోని పుట్టిల్లూ అంతే ప్రమాదం.

బ్రిటన్‌లోని ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ మాటే చెపుతున్నాయి. ఇలాంటి గర్భిణిని ఇంట్లో వుంచాలా, ఆసుపత్రిలో చేర్చాలా అన్నది నిర్ణయించేటప్పుడు ఇంటికీ ఆసుపత్రికీ మధ్య దూరాన్నీ, బండి దొరికే వీలునీ, ఇంతకుముందు రక్తం పోయిందా అన్నదాన్నీ లెక్కలోకి తీసుకోవాలని వుంది అందులో. మంచి రోడ్లూ ఆసుపత్రులూ వున్న దేశమే దూరాన్ని జబ్బులో భాగంగా చూస్తున్నప్పుడు, సోంపేట తీరంలోని మత్స్యకార పల్లెకీ, మెళియాపుట్టి, మందస కొండల మీది సవర గూడేలకీ అది ఎంత ముఖ్యం!

మన ప్రాంతంలో ఆ దూరం ఎలా వుంటుందో మీకు తెలుసు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సిజేరియన్ చెయ్యరు, రక్తం వుండదు. అక్కడినుంచి పెద్దాసుపత్రికి పంపుతారు. అక్కడ మత్తు డాక్టర్ లేకపోతే జిల్లా కేంద్రానికి, అక్కడా కుదరకపోతే వంద కిలోమీటర్లకి పైగా దూరంలో వున్న విశాఖపట్నానికి. ప్రతి మజిలీలోనూ "రిఫర్" అనే ఒక్క మాట రాసిన చీటీ. 1994లో సెరీన్ థాడియస్, డెబొరా మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు తల్లుల మరణాల వెనక మూడు ఆలస్యాలున్నాయని రాశారు. వెళ్లాలని నిర్ణయించుకోవటంలో ఆలస్యం, చేరటంలో ఆలస్యం, చేరాక వైద్యం అందటంలో ఆలస్యం. మొదటి ఆలస్యానికి స్త్రీని నిందిస్తాం. రెండోదానికి రోడ్డునీ వర్షాన్నీ నిందిస్తాం. మూడోదానికి ఎవర్నీ నిందించం. కాని మొదటిది కూడా ఆమె ఒక్కతె చేసింది కాదు. తన ఒంట్లో రక్తం కనిపించిందని చెప్పటానికి అమ్మ కంగారు, అత్తగారి మాట, భర్త కూలి, ఇన్ని లెక్కలు వేసుకోవలసిన స్థితిలో ఆమెని పెట్టింది మన కుటుంబాలే.

ఇప్పుడు ఆ చెల్లెలి కథ చెపుతాను. స్కానింగులో మాయ ముఖద్వారాన్ని పూర్తిగా మూసి వుందని తేలింది. హిమోగ్లోబిన్ కూడా తక్కువే. ఒక ఆసుపత్రిలో "ఇప్పుడు రక్తం రావటం లేదు కదా, ఇంటికెళ్లి రెస్టు తీసుకోండి, మళ్లీ వస్తే రండి" అన్నారు. మళ్లీ వచ్చేటప్పటికి ఆమె ఎక్కడ వుంటుంది, ఏ బండిలో వస్తుంది అని నేనడిగితే సమాధానం రాలేదు. నాలుగు రోజులు వుంచుకుని పంపేశారు. తల్లి ఇంటికి వెళ్లలేదు. తాను పప్పు వొలిచే జీడి ఫ్యాక్టరీ యజమాని దగ్గర అడ్వాన్సు తీసుకుని, ఆసుపత్రికి కూతవేటు దూరంలో ఒక గది అద్దెకి తీసుకుంది. ఇద్దరూ మూడు వారాలు అక్కడే వండుకు తిన్నారు. నాలుగో వారంలో ఒక అర్ధరాత్రి చీర తడిసిపోయేంత రక్తం పోయింది. పది నిమిషాల్లో ఆసుపత్రిలో వున్నారు. సిజేరియన్ చేసి రక్తం ఎక్కించారు. తల్లీ బిడ్డా ఇద్దరూ బతికారు.

ఆ రాత్రి వాళ్లు ఊళ్లో వుండి వుంటే? ఈ ప్రశ్న నన్ను వదలటం లేదు. ఆ రెండు ప్రాణాలనీ నిలబెట్టింది ఆ అద్దెగది. ఆ గదికి డబ్బు కట్టింది రోజంతా జీడిగింజల జిడ్డుకి వేళ్లు పొక్కిపోయే ఒక కూలి స్త్రీ. కూతురు ఆసుపత్రికి దగ్గర్లో వుండటానికి ఆమె తన మూడు నెలల శ్రమని తాకట్టు పెట్టింది. ప్రభుత్వం చెయ్యవలసిన పని అది.

నిజానికి కాగితం మీద మనకి హక్కులు తక్కువేమీ లేవు. 2011 జూన్ 1న మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, భోజనం, రక్తం అన్నీ ఉచితం. ఇంటినుంచి ఆసుపత్రికి, ఒక ఆసుపత్రినుంచి ఇంకో ఆసుపత్రికి, కాన్పయ్యాక తిరిగి ఇంటికి ప్రయాణం కూడా ఉచితం. మన రాష్ట్రంలో 108 వాహనాలు 2005 ఆగస్టులో రోడ్డెక్కాయి. బాలింతల్ని ఇంటికి దింపే తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఆ తర్వాత వచ్చింది. 2016లో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో గర్భిణుల్ని డాక్టరు పరీక్షించాలి, ప్రమాదం వున్నవాళ్ల కార్డు మీద ఎర్ర స్టిక్కరు అంటించాలి. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం వచ్చింది. మంచిదే. కాని టికెట్ ఉచితమైనంత మాత్రాన ఎనిమిదో నెల గర్భిణికి సీటు ఖాయం కాదు, దారిలో రక్తం పోతే ఆ బస్సు ఆసుపత్రి కాదు.

ఈ ఏర్పాట్లన్నిటిలోనూ ఒక లోపం వుంది. ఇవన్నీ ప్రమాదం జరిగాక కదిలే బండ్లు. ప్రమాదం వుందని ముందే తెలిసిన స్త్రీని, అది జరగకముందే దగ్గరికి చేర్చే ఏర్పాటు వీటిలో లేదు. ఇది అసాధ్యమని ఎవరూ అనలేరు. తుఫాను హెచ్చరిక వస్తే మన తీర మండలాల్లో నెలలు నిండిన గర్భిణుల జాబితా తీసి ముందుగానే ఆసుపత్రులకి తరలించటం అధికారులు చేస్తున్న పనే. 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను ఒక్క రాత్రిలో చెట్లన్నీ రోడ్లకి అడ్డం పడేస్తే ఏమవుతుందో చూసినవాళ్లం మనం. గాలివానకి ముందు కదలగలిగిన యంత్రాంగం, ఒంట్లోనే హెచ్చరిక మోస్తున్న స్త్రీ కోసం ఎందుకు కదలదు? కొండ ప్రాంతాల గిరిజన గర్భిణుల కోసం సాలూరులో ఐటీడీఏ వసతిగృహం నడిపింది. ఆసుపత్రికి దగ్గర్లో గర్భిణులు వేచివుండే ఇళ్లు నడపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2015లో సిఫారసు చేసింది. మా చెల్లెలి తల్లి అద్దెకి తీసుకున్న గది సరిగ్గా అలాంటిదే.

న్యాయస్థానాలు కూడా మన వైపు మాట్లాడాయి. ప్రమాదంలో వున్న మనిషికి వైద్యం చెయ్యటం ప్రభుత్వ, ప్రయివేటు డాక్టర్లందరి బాధ్యత అని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1992లో హకీం షేక్ అనే వ్యవసాయ కూలీ రైల్లోంచి పడి తలకి దెబ్బ తగిలితే కలకత్తాలో ఒక్కో ప్రభుత్వ ఆసుపత్రీ మంచాలు లేవనో సౌకర్యాలు లేవనో తిప్పి పంపింది. అలా తిప్పి పంపటం జీవించే హక్కుని ఉల్లంఘించటమేనని 1996లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2010లో ఢిల్లీ హైకోర్టు లక్ష్మీ మండల్ కేసులో, పేద గర్భిణి ఒక రాష్ట్రంనుంచి ఇంకో రాష్ట్రానికి వెళ్లినంత మాత్రాన పథకాల ప్రయోజనం పోకూడదని చెప్పింది. హైదరాబాదు నుంచీ చెన్నై నుంచీ హౌరా నుంచీ కాన్పుకి ఇంటికొచ్చే మన ఉద్దానం ఆడపిల్లలకి ఈ తీర్పు ఎంత ముఖ్యమో చెప్పనక్కర్లేదు.

బ్రెజిల్ కేసు ఒకటి కూడా మనం గుర్తుపెట్టుకోవాలి. 2002లో అలీన్ దా సిల్వా పిమెంటెల్ అనే పేద నల్లజాతి యువతి ఆరో నెల గర్భంతో ఆసుపత్రికి వెళ్లింది. కడుపులో బిడ్డ చనిపోయింది. మాయ ముక్కల్ని తీసే శస్త్రచికిత్స గంటల తరబడి ఆలస్యమైంది. రక్తం పోతుంటే పెద్దాసుపత్రికి మార్చటానికి అంబులెన్సు కోసం ఎనిమిది గంటలు ఎదురుచూశారు. ఆమె చనిపోయింది. ఆమె తల్లి ఐక్యరాజ్యసమితి స్త్రీ వివక్షా నిర్మూలన కమిటీ ముందు న్యాయం అడిగింది. 2011లో ఆ కమిటీ బ్రెజిల్ ప్రభుత్వాన్నే బాధ్యురాలిగా నిలబెట్టింది. కాన్పు మరణానికి ఒక ప్రభుత్వం అంతర్జాతీయ మానవహక్కుల వేదిక ముందు జవాబు చెప్పవలసి రావటం అదే మొదటిసారి. ఆ ఒప్పందాన్ని మన దేశం 1993లో ఆమోదించింది. అంబులెన్సు రాకపోవటం దురదృష్టం కాదు, వివక్ష అని ఆ తీర్పు చెపుతున్నది. ఇది మనకి కూడా వర్తిస్తుంది.

ఇంకో మాట. ఈ ప్రమాదం రాను రాను పెరిగే అవకాశం వుంది. ముందు సిజేరియన్ అయిన వాళ్లకి మాయ కిందికి వచ్చే అవకాశం ఎక్కువ. పాత కోత మచ్చలోకి మాయ వేళ్లు తన్నుకుని, కాన్పయ్యాక వూడకుండా వుండిపోయే ప్రాణాంతక పరిస్థితి కూడా వాళ్లకే ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తం మీద అది 21.5 శాతం. అదే సర్వేలో మన రాష్ట్ర గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో వున్నట్టు తేలింది. అవసరం లేని కోతలు ఈ రోజు ఎవరి లాభానికో జరుగుతున్నాయి. వాటి ఖరీదు తర్వాతి కాన్పులో, తక్కువ రక్తంతో, దూరపు ఊళ్లో, ఆ స్త్రీయే చెల్లిస్తుంది.

కార్యకర్తలు వెంటనే చెయ్యగలిగిన పనులు కొన్ని వున్నాయి. మీ ఊళ్లో గర్భిణుల స్కానింగు రిపోర్టులు అడిగి చూడండి. లింగనిర్ధారణ నిషేధ చట్టం 1994 బిడ్డ ఆడా మగా అన్నది చెప్పటాన్నే నిషేధించింది. మాయ ఎక్కడుంది, పైకి జరిగిందా, మళ్లీ ఎప్పుడు చూడాలి అన్నవి తెలుగులో చెప్పించుకోవటం ఆమె హక్కు. ప్లాసెంటా లో లైయింగ్ అనో, ప్రీవియా అనో రాసి వుంటే 32 వారాలకి మళ్లీ స్కానింగు జరిగేలా చూడండి. రక్తం గ్రూపు, హిమోగ్లోబిన్ కార్డు మీద రాయించండి. రక్తం ఇచ్చేవాళ్ల పేర్లు ముందే సిద్ధం చెయ్యండి. నెగటివ్ గ్రూపు వున్నవాళ్లకి రక్తస్రావం జరిగితే యాంటీ-డి ఇంజెక్షన్ గురించి డాక్టర్ని అడగండి.

పుట్టింటికి రావలసిన ప్రయాణమైతే రెండో స్కానింగు అయ్యి, డాక్టరుతో మాట్లాడాకే తేదీ పెట్టుకోవాలి. సూడిదల ముహూర్తాన్ని బట్టి ఆ తేదీ పెట్టకూడదు. ఒకసారి రక్తం కనిపించి వుంటే దూర ప్రయాణం పెట్టుకోకూడదు. అప్పుడు కూతురు తల్లి దగ్గరికి కాదు, తల్లే కూతురి దగ్గరికి వెళ్లాలి. ప్రయాణం తప్పనప్పుడు ఒంటరిగా పంపవద్దు. పగటి ప్రయాణం మేలు. దారిలో సిజేరియనూ రక్తమూ దొరికే ఆసుపత్రులు ఎక్కడెక్కడున్నాయో రాసిపెట్టుకోవాలి. రైల్లో గర్భిణులకి కింది బెర్తు కోటా వుంది, అవసరమైతే 139కి ఫోన్ చేసి వైద్యసహాయం అడగొచ్చు. కారులో అయితే బెల్టు పొట్ట కిందుగా, తొడల మీదుగా పెట్టుకోవాలి. రెండు గంటలకోసారి లేచి నాలుగడుగులు వెయ్యాలి. రిపోర్టులు పెట్టెలో కాదు, చేతిసంచిలో వుండాలి.

రక్తం కనిపిస్తే, అది కొంచెమైనా, నొప్పి లేకపోయినా, ఆగిపోయినా, వెంటనే ఆసుపత్రికి. మాయ కిందికి వుందని మొదటి మాటగా చెప్పాలి. స్కానింగు చూడకుండా లోపల వేళ్లతో పరీక్ష చెయ్యనివ్వకూడదు, దానివల్ల రక్తం ఉధృతమవుతుంది. ఇంకొకటి, మనం పైకి చెప్పుకోని విషయం. ఈ స్థితిలో, ముఖ్యంగా రక్తం కనిపించాక, భార్యాభర్తల కలయిక వద్దని డాక్టర్లు చెపుతారు. ఆ మాట భార్యకి మాత్రమే చెప్పి పంపితే చాలదు, భర్తని కూర్చోబెట్టి చెప్పాలి. వద్దనే హక్కు ఆమెకి ఎప్పుడూ వుంది. ఇప్పుడు అది ప్రాణానికి సంబంధించినది.

ప్రభుత్వాన్ని మనం అడగవలసినవి నాలుగు. ఎర్ర స్టిక్కరు పడిన ప్రతి గర్భిణికీ, ఏ ఆసుపత్రిలో, ఏ వారంలో, ఏ బండిలో అన్నది ముందే రాసిచ్చిన ప్రయాణ పథకం కావాలి. టెక్కలి, పలాస లాంటి చోట్ల ఆసుపత్రుల దగ్గర గర్భిణీ, ఆమె తోడూ వుండటానికి భోజనంతో సహా వసతిగృహాలు కావాలి. సిజేరియన్ చెయ్యవలసిన ప్రతి ఆసుపత్రి గుమ్మంలో ఈ రోజు మత్తు డాక్టర్ వున్నారా, రక్తం వుందా అన్నది బోర్డు మీద రాయాలి. 108 సిబ్బందికి ఆ సమాచారం అందుబాటులో వుంటే గుమ్మం గుమ్మం తిరిగే పని తప్పుతుంది. నాలుగోది కూలి. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో జరిగిన సవరణ ఉద్యోగినులకి 26 వారాల జీతంతో సెలవు తెచ్చింది. లెక్కకింత అని జీడిపప్పు వొలిచే స్త్రీకి, చేపల గంప మోసే స్త్రీకి ఆ సెలవు అందలేదు. విశ్రాంతి తీసుకోమని చెప్పేవాళ్లు ఆ రోజుల కూలి ఎవరిస్తారో కూడా చెప్పాలి.

2011లో కాకరాపల్లిలో థర్మల్ విద్యుత్ కేంద్రానికి వ్యతిరేకంగా తమ బీల భూముల కోసం పోలీసులకి ఎదురు నిలిచిన స్త్రీలు మన పక్క ఊళ్లవాళ్లే. నేలని కాపాడుకోవటానికి రోడ్డెక్కిన వాళ్లం, ఆ రోడ్డు మీద మన బిడ్డలు క్షేమంగా ప్రయాణం చెయ్యటానికి కూడా అడగగలం. వచ్చే నెల 9వ తేదీన మీ ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. ఎన్ని ఎర్ర స్టిక్కర్లు పడ్డాయో, వాళ్లలో ఎంతమందికి ప్రయాణం గురించి ఎవరైనా మాట్లాడారో కనుక్కుని మాకు రాయండి. పేర్లు వద్దు, ఊరూ దూరమూ చాలు. ఆ జాబితాలన్నీ కలిపి జిల్లా అధికారుల ముందు పెడదాం.

నిమ్మాడ జంక్షన్‌లో ఆ ఉదయం నేను లేకపోతే ఏమయ్యేదని ఆ తల్లి తర్వాత నన్ను అడిగింది. నేను వుండటం యాదృచ్ఛికం. ఒక స్త్రీ ప్రాణం బస్టాపులో ఎవరు తటస్థపడతారన్న దానిమీద ఆధారపడకూడదు. మనం అడుగుతున్నది ఇంతే.